నేల కింది విషానికి జవాబుదారీ ఎవరు?

భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఆవరణ నుంచి 2025 జనవరిలో 337 టన్నుల విషవ్యర్థాలను పీథంపూర్ తరలించి, ఆ ఏడాదే కాల్చివేశారు. దాంతో సమస్య తీరిపోయిందని ప్రభుత్వం అనుకోవచ్చు, మనం అనుకోకూడదు. చుట్టుపక్కల బస్తీల భూగర్భజలంలో ట్రైక్లోరోఇథిలీన్, క్లోరోఫాం వంటి ద్రావకాలున్నాయని 1999లోనే గ్రీన్‌పీస్ పరీక్షల్లో తేలింది. ఆ నీళ్లు తోడి, మోసి, వండి, బిడ్డలకు తాగించినది స్త్రీలే.

ఇలాంటి నీటిని భూమిలోపలే శుద్ధి చేసే పద్ధతి ఒకటుంది. డీహాలోకోకాయిడిస్ అనే బాక్టీరియా, ప్రాణవాయువు లేనిచోట, ట్రైక్లోరోఇథిలీన్ నుంచి క్లోరిన్‌ను ఒక్కొక్కటిగా తొలగించి చివరికి ఇథిలీన్‌గా మారుస్తుంది. అమెరికాలో ఈ జీవశుద్ధిని అనేకచోట్ల వాడారు. అయితే పని మధ్యలో ఆగితే మిగిలేది వినైల్ క్లోరైడ్. అది క్యాన్సర్ కారకం. పైగా క్లోరోఫాం ఉన్నచోట ఈ బాక్టీరియా సరిగా పనిచేయదు.

కాబట్టి "ట్రైక్లోరోఇథిలీన్ తగ్గింది" అనే నివేదికతో సరిపెట్టుకోలేం. వినైల్ క్లోరైడ్ ఎంతుంది? ఎవరు కొలిచారు? ఫలితాలు బస్తీ స్త్రీలకు వాళ్ల భాషలో చెప్పారా? శుద్ధికి ఏళ్లు పడుతుంది. అంతవరకు మంచినీళ్లు ఎవరిస్తారు? ఖర్చు కాలుష్యం చేసినవాళ్లు భరిస్తారా, ప్రజలా?

బస్తీలకు మంచినీళ్లివ్వమని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించింది. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, భోపాల్ స్త్రీలు ముందుండి పోరాడితే వచ్చింది. శుద్ధి జరిగే ప్రతిచోటా పర్యవేక్షణ కమిటీలో ఆ నీళ్లు తాగే స్త్రీలు ఉండాలి. మన సంఘాలన్నీ అడగాల్సింది ఇదే.