కుటుంబ ఆరోగ్యము: బండి తాళము ఎవరి దగ్గర ఉండవలెను?



పక్షవాతము వచ్చిన మనిషి లేచి నాలుగు అడుగులు వేస్తే ఇంటిల్లిపాదీ సంతోషిస్తాము. ఆళ్లగడ్డలో ఉన్న మా పెద్దనాయన విషయములోనూ అట్లే సంతోషించినాము. మెదడుకు కుడివైపున రక్తము ఆగి, ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినవి. మూడు నెలలకు కర్ర లేకుండా నడిచినాడు. నాలుగవ నెలలో ఒక ఆదివారము మాతో మాటైనా చెప్పక, పెద్దమ్మను కారులో కూర్చోబెట్టుకొని నంద్యాల ఆరాధనకు బయలుదేరినాడు. రోడ్డుకు ఎడమ అంచున గొర్రెలు తోలుకొని పోవుచున్న పిల్లవాడు ఆయనకు ఆననే లేదు. పెద్దమ్మ కేక వేసి స్టీరింగు పట్టుకొన్నది గనుక పిల్లవాడు బ్రతికినాడు. ఒక గొర్రె చచ్చినది.

ఆ రాత్రి మేము తాళపుచెవి తీసేసుకొన్నాము. "నాకేమైందిరా? నడుస్తా ఉన్నా, తింటా ఉన్నా, కన్ను బాగానే కనపడ్తా ఉంది" అని ఆయన అన్నప్పుడు మా దగ్గర జవాబు లేదు. వారము దినములు మాతో మాట్లాడలేదు.

జవాబు వెల్లూరులో దొరికినది. అక్కడ ఆయనను చూచినది ఆక్యుపేషనల్ థెరపిస్టు. చొక్కా గుండీ పెట్టుకొనుట, అన్నము కలుపుకొనుట, వంట, బండి నడుపుట వంటి దినదిన పనులు రోగి మరల చేసుకొనునట్లు నేర్పుట వీరి వృత్తి. మన దేశములో ఈ చదువును 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ గారు ప్రారంభించిరి.

ఆ అమ్మాయి మొదట అడిగినది పెద్దమ్మను: "పళ్లెములో అన్నము పూర్తిగా తింటారా?" ఎడమవైపు అన్నము ప్రతి పూటా మిగులుచున్నది! అరుచి అనుకొన్నాము మేము. కాగితమంతా చుక్కలు పెట్టి, అన్నిటికీ సున్న చుట్టమన్నారు. పెద్దనాయన కుడి సగము చుట్టి, అయిపోయినదని కలము కింద పెట్టినాడు. కన్నులో లోపము లేదు, ఎడమ పక్కను మెదడు లెక్కలోనికి తీసుకొనుట లేదు. పైగా ఆ సంగతి రోగికే తెలియదు. తరువాత ఎర్ర దీపము వెలిగిన వెంటనే కాలు యాక్సిలరేటరు మీద నుండి బ్రేకు మీదికి ఎంత త్వరగా వచ్చునో చూచినారు.

మన చట్టములో ఇది లేదు. నలువది యేండ్లు దాటినవారు లైసెన్సు కొరకు 1-ఏ ఫారముపై వైద్యుని సంతకము తేవలెను. 25 మీటర్ల దూరములో నంబరు ప్లేటు చదువగలరా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియునా, రేచీకటి ఉన్నదా, ఇట్టివి అందులో ఉండును. మా పెద్దనాయన వీటన్నిటిలో నెగ్గును. ఆస్ట్రేలియాలో ప్రత్యేక శిక్షణ పొందిన థెరపిస్టులు గదిలో పరీక్షించిన తరువాత, శిక్షకుని వైపు కూడ బ్రేకు ఉన్న కారులో రోడ్డు మీద నడిపించి చూచి నివేదిక ఇచ్చెదరు. బ్రిటనులో పక్షవాతము వచ్చినవారు కనీసము ఒక నెల బండి ముట్టరాదు. మన దగ్గర ఆ భారమంతా ఇంటివారి మీదనే.

వెల్లూరులో ఇట్టి సేవకు పునాది వేసినవారిలో డాక్టరు మేరీ వర్గీస్ గారొకరు. 1954లో కారు ప్రమాదములో ఆమె నడుము కిందికి చచ్చుబడినది. చక్రాల కుర్చీలోనే ఉండి శస్త్రచికిత్సలు చేసిరి. 1966లో అక్కడ పునరావాస కేంద్రము తెరువబడినది. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా పోవు 40వ నంబరు రహదారి (పాత 18) చిత్తూరు దాటి రాణిపేట చేరును, అక్కడికి వెల్లూరు దగ్గరే.

థెరపిస్టు పెద్దనాయనకు "ఎప్పటికీ వద్దు" అని చెప్పలేదు. "ఇప్పుడు వద్దు, ఆరు నెలలకు మరల చూతము" అన్నది. పళ్లెమును తిప్పుకొని తినుట, పుస్తకములో ఎడమ అంచున ఎర్ర గీత గీచుకొని అది కనబడిన తరువాతనే చదువుట ఇంటి దగ్గర చేయు సాధన. మేము చెప్పినప్పుడు పోట్లాడినవాడు ఆమె మాట విన్నాడు. తన చేతితో చుట్టిన ఆ కాగితమును తానే చూచుకొన్నాడు గదా.

పై నెలలో మరల వెల్లూరు పోవలెను. అంతవరకు ఆదివారములు మా తమ్ముడు కారు నడుపుచున్నాడు. పెద్దనాయన పక్కన కూర్చొని, ఎడమవైపు వచ్చు ప్రతి ఎద్దులబండిని, ప్రతి గొర్రెనూ పైకి చెప్పుచున్నాడు. నిన్నటి ఆదివారము రెండే తప్పిపోయినవి.