అదుపు వేరు, నయం వేరు

మధుమేహం ఉన్నవారిని "ఇంకా తగ్గలేదా?" అని ఎవరూ అడగరు. పదేళ్ళుగా రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నవారితో "మీ వైద్యుడిని మార్చండి" అని ఎవరూ అనరు. సోరియాసిస్ ఉన్నవారికి మాత్రం ఈ రెండు మాటలూ నిత్యం వినవలసినవే. ఇరవై రెండేళ్ళుగా ఈ వ్యాధితో కాపురం చేస్తున్నవాడిని కనుక ఈ విషయమై నాలుగు మాటలు చెప్పే అధికారం నాకున్నదని భావిస్తున్నాను.

మామూలు చర్మంలో అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నెలరోజులు పడుతుంది. ఈ వ్యాధిలో శరీర రక్షణవ్యవస్థ దారి తప్పి తొందరపెట్టడం వల్ల ఆ పని మూడు నుండి ఐదు రోజులలోనే ముగుస్తుంది. పక్వం కాని కణాలు పేరుకొని మోచేతుల మీద, మోకాళ్ళ మీద, తలలో వెండిరంగు పొలుసులుగా రాలుతుంటాయి. ఇది అంటువ్యాధి కాదు.

అయినా జనం జంకుతారు. అందుకు భాష కూడా కొంత కారణమని నా అభిప్రాయం. మన ప్రాచీన వైద్యం చర్మవ్యాధులను కుష్ఠమనే ఒక్క శబ్దం కింద చేర్చి, మహాకుష్ఠాలు ఏడు, క్షుద్రకుష్ఠాలు పదకొండు అని లెక్కించింది. వాడుకలో ఆ శబ్దం ఒక్క వ్యాధికే రూఢమైనా, పాత భయం మాత్రం అన్నిటికీ అంటుకొని ఉన్నది. ఐరోపాలోనూ ఈ గందరగోళం ఉండేది. వియన్నా వైద్యుడు హెబ్రా 1841లో సోరియాసిస్ కుష్ఠు కాదని వేరు చేసి చూపాడు. శాస్త్రం వేరు చేసినా బస్సులో పక్కసీటువారి చూపు ఇంకా వేరు చేయలేదు. విచిత్రమేమంటే, నేడు కుష్ఠు మందులతో పూర్తిగా నయమవుతుంది. సోరియాసిస్ అదుపులో ఉంటుందే గాని పూర్తిగా పోదు.

ఈ చివరి మాటను రోగికి ఎవరూ సూటిగా చెప్పరు. గోడల మీద ప్రకటనలేమో "సమూలంగా నయం" అంటాయి. సమూలంగా అంటే వేరుతో సహా అని అర్థం. ఆ ఒక్క మాట నమ్మి, అదుపులో ఉంచే మందును మానేసి, పేరులేని పొట్లాల కోసం పరుగెత్తేవారు ఎందరో. అటువంటి పొట్లాలలో కొన్నిట స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. పదిరోజులలో ఒళ్ళు నున్నబడుతుంది. మందు ఆపగానే వ్యాధి మునుపటికన్న ఉద్ధృతంగా తిరగబెడుతుంది. ఇక మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకోవలసిన మందు. త్వరగా తగ్గాలని దానిని రోజూ మింగితే ప్రాణానికే ముప్పు.

సోరియాసిస్ పూర్తిగా నయం కాని దీర్ఘవ్యాధి అని 2014లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానంలోనే పేర్కొన్నది. మరి మన వైద్యులు రెండు నిమిషాలలో పూతమందు రాసిచ్చి పంపేటప్పుడు ఆ సంగతి ఎందుకు చెప్పరు? చెబితే రోగి క్రుంగిపోతాడని కొందరంటారు. నేనంగీకరించను. పోతుందని నమ్మినవాడు అది తిరిగి వచ్చిన ప్రతిసారీ ఓడిపోయినట్టు క్రుంగుతాడు. ఉంటుందని తెలిసినవాడు చలికాలానికి ముందే కొబ్బరినూనె సీసా సిద్ధం చేసుకుంటాడు, మందు వేళకు వాడుతాడు, కీళ్ళనొప్పి మొదలైతే అది కూడా ఈ వ్యాధి లక్షణమే కావచ్చునని వైద్యుడికి చెబుతాడు.

బంధుమిత్రులకు నా విన్నపం ఒక్కటే. "తగ్గిందా?" అని అడగకండి. "ఈమధ్య ఎలా ఉన్నది?" అని అడగండి. మొదటిదానికి మా దగ్గర జవాబు లేదు. రెండవదానికి ఎప్పుడూ ఉంటుంది.