ఇల్లు మారే లిస్టులో లేని వరస

ఐటీలో ఉన్నవాళ్లకి ఇల్లు మారడం కొత్తేం కాదు. ఆఫీసు గచ్చిబౌలికి మారితే ఇల్లూ మారుతుంది, ఓనరు అద్దె పెంచితే మారుతుంది, పిల్లల స్కూలు మారినా మారుతుంది. అందుకే మనలో చాలామంది దగ్గర ఒక ఎక్సెల్ షీటు రెడీగా ఉంటుంది. అట్టపెట్టెలు, గ్యాస్ కనెక్షను, నెట్ కనెక్షను, ఆధార్‌లో అడ్రసు, డీసీఎం వ్యానువాడి నంబరు... నా షీటులో పాలు పొంగించే గిన్నె కూడా ఉంటుంది. అన్నిటికన్నా ముందు వెళ్లాల్సింది అదే కదా :)

కానీ అసలైన వరస ఒకటి ఆ షీటులో ఉండదు. మారే తేదీ ఎవరి చేతిలో ఉంది? మన చేతిలోనే ఉంటుంది కాబట్టి మనకి ఆ ఆలోచనే రాదు.

మాది సిద్దిపేట. 2016 అక్టోబర్ 11న మాది కొత్త జిల్లా అయినప్పుడు, గడప దాటకుండానే మా అందరి అడ్రసులో మెదక్ పోయి సిద్దిపేట వచ్చింది. అదే జిల్లాలో తొగుట, కొండపాక మండలాల్లో మాత్రం మల్లన్నసాగర్ కోసం ఊళ్లకి ఊళ్లే మారాయి. కాళేశ్వరం ప్రాజెక్టులో భాగంగా కట్టిన 50 టీఎంసీల రిజర్వాయరు అది. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, ఎర్రవల్లి, సింగారం లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. చాలామందికి గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లిలో కాలనీ కట్టారు. 2021 జూన్‌లో కూడా వేములఘాట్‌లో ఇళ్లు కూలుస్తూనే ఉన్నారు. ఆగస్టులో రిజర్వాయరులోకి నీళ్లు వదిలారు. 2022 ఫిబ్రవరి 23న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించారు.

నీళ్లొద్దని నేననను. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతులున్న ప్రాంతం మాది. నా గొడవంతా మార్చిన పద్ధతి గురించే.

మన పనిలో మైగ్రేషన్ ఎలా చేస్తాం? కొత్త సర్వరు పెట్టి, డేటా ఎక్కించి, టెస్ట్ చేసి, కొన్నాళ్లు రెండూ పక్కపక్కన నడిపి, అప్పుడు పాతది ఆపుతాం. 2013 భూసేకరణ చట్టం చెప్పేదీ దాదాపు ఇదే. సాగునీటి ప్రాజెక్టయితే, భూములు మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని సెక్షన్ 38లో ఉంది. జూన్‌కీ ఆగస్టుకీ మధ్య ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి.

ఆ చట్టం మూడో షెడ్యూలు చూస్తే నా ఎక్సెల్ షీటు దాని ముందు ఎందుకూ పనికిరాదు. రోడ్లు, మురుగు కాలువలు, తాగునీళ్లు, రేషను షాపు, పోస్టాఫీసు, శ్మశానం, ఆఖరికి పశువులకి తాగునీళ్లు, మేత భూమి కూడా అందులో ఉన్నాయి. రెండో షెడ్యూలులో సామాన్ల తరలింపు ఖర్చు కింద కుటుంబానికి 50,000 రూపాయలు రాశారు. రాసినవాళ్లు అన్నీ ఆలోచించే రాశారు. అమలు దగ్గరే తేలిపోయింది.

ఇంకో వరస: లెక్కలోకి ఎవరొస్తారు? 2015లో 123 జీవో తెచ్చి ఓనర్ల దగ్గర భూమి నేరుగా కొంటామన్నారు. మరి ఆ భూమిలో కూలికెళ్లేవాడి సంగతేంటి? కూలీలే కోర్టుకెళ్తే 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోని కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకెళ్తూ కూలీల కోసం విడిగా ఉత్తర్వులిచ్చింది. కోర్టుకెళ్లేదాకా వాళ్లు ఎవరి షీటులోనూ లేరన్నమాట.

వీటన్నిటినీ మించి, బొడ్రాయి, పోచమ్మ గుడి, వాడకట్టు... వీటిని ఏ డబ్బాలో సర్దుతారు? కాలనీలో ఇల్లు పక్కాగా ఉండొచ్చు. కానీ పిలవగానే పలికే పక్కింటోళ్లు పాత వరసలోనే పక్కన ఉండాలంటే, ఇళ్లు కేటాయించేముందే వాళ్లని కూర్చోబెట్టి అడగాలి.

ఇదంతా మనకెందుకంటారా? రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం గజ్వేల్ మీదుగానే పోతుంది. మీలో ఎంతమంది అమ్మానాన్నల పొలాలు ఆ దారిలో ఉన్నాయో! జాతీయ రహదారులకి తీసుకునే భూమికి కూడా 2015 నుంచి 2013 చట్టం పరిహారం, పునరావాస షెడ్యూళ్లు వర్తిస్తాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు పాసుబుక్కులో పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూడండి. ఇల్లు, బోరు, చెట్లు, పశువుల కొట్టం తేదీతో సహా ఫోటోలు తీసి పెట్టండి. పెళ్లయినా కాకపోయినా, మేజరైన ప్రతి ఒక్కరినీ ఆ చట్టం విడి కుటుంబంగా లెక్కేస్తుందని ఇంట్లోవాళ్లకి చెప్పండి. అమ్మానాన్నలకి ఆ ఇంగ్లీషు నోటీసు చదివి పెట్టగలిగేది మనమే.

కొత్తది సిద్ధమయ్యాకే పాతది ఖాళీ చేయించాలి. సర్వర్లకి మనం ఇచ్చే మర్యాద మనుషులకీ ఇవ్వమని అడగడం ఎక్కువంటారా?