పరుగు నభ్యసించు సోదరీమణులకు

ఉదయగిరి, ఆత్మకూరు సీమల సోదరీమణులకు మా మనవి. క్రొత్తగా పరుగు నభ్యసించువారు మొదటివార మత్యుత్సాహముతో గడపి, మూఁడవవారమున మానివేయుట కలదు. లోపము పట్టుదలయందు గాదు, తొందరయందే. ఊపిరి కొలఁది వారములలో నలవాటుపడును. ఎముకలు, కీళ్లు అంతకంటె మెల్లగ బలపడును. కావున నొక నిమిషము పరుగెత్తి, రెండు నిమిషములు నడచుచు, ఇరువది నిమిషములతో చాలింపవలెను. తోడివారితో మాటలాడఁగలిగినంత మెల్లగనే పరుగెత్తవలెను. వారమునకు మూఁడు దినములు చాలును. మన యెండలకు సూర్యోదయమునకు ముందే ముగించుట మేలు. శ్రీకృష్ణదేవరాయలంతటివాఁడును ఉదయగిరి దుర్గమును దీర్ఘకాలము ముట్టడించియే 1514లో సాధించెను గదా!

నలుగురు నవ్వుదురను సంకోచమే పెద్ద యాటంకము. ఓరుగల్లు సీమయందలి కల్లెడ గ్రామమునఁ బుట్టిన జీవంజి దీప్తి బాల్యమున నెగతాళికి గుఱియైనది. ఆమెయే 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలయందు 400 మీటర్ల పరుగును 55.82 సెకనులలో ముగించి కాంస్యపతకము నందెను.

మనము పతకములు గోరుట లేదు. ఇల్లాలు దినమంతయు నింటివారికై వెచ్చించును. అందొక యరగంట తన దేహమునకై యుంచుకొనుట తప్పుగాదు. వీధిలో నొక తోడును సమకూర్చుకొనుఁడు. ఆమె వాకిట నిలిచి పిలుచునను తలంపే, మనసొల్లని నాఁడును మనలను లేపును.