సేవకు పిలుపు సరే, తలదాచుకునే చోటేది?

‘ఒక్క ఏడాది దేశం కోసం పనిచేయండి’ అని యువతను పిలవడమంటే ఏ ప్రభుత్వానికైనా సరదాయే. ప్రకటన అందంగా ఉంటుంది. ఫొటోలో పిల్లలు ఒకే రంగు టీషర్టులు వేసుకుని నవ్వుతుంటారు. ఆ ఏడాదంతా వాళ్లు కొత్త ఊళ్లో ఎక్కడుంటారు, అద్దె ఎవరు కడతారు అన్నది మాత్రం ఆ ప్రకటనలో వెతికినా కనిపించదు. ఇలాంటి పథకాలను అరవై ఏళ్లుగా నడుపుతున్న అమెరికాలోనూ ఈ లెక్క నేటికీ తేలలేదు. మనమూ అదే దారి పట్టాం కాబట్టి అక్కడ ఎక్కడ తేడా కొట్టిందో చూడటం అవసరం.

పేదరికంపై యుద్ధం ప్రకటించిన అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1964 డిసెంబరులో ‘విస్టా’ సేవా పథకం తొలి 20 మంది వలంటీర్లకు స్వాగతం పలికారు. 1993లో బిల్ క్లింటన్ సంతకం చేసిన చట్టంతో అమెరికార్ప్స్ ఏర్పడింది, విస్టా అందులో భాగమైంది. బడిలో వెనకబడిన పిల్లలకు చదువు చెప్పడం, ఆహార బ్యాంకులు నడపడం, తుపాను ముంచిన ఊళ్లలో ఇళ్లు బాగుచేయడం వీళ్ల పనులు. ప్రధానంగా అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లే అర్హులు. చదువు వీసాపై వెళ్లిన మన విద్యార్థులకు ఇందులో చోటు లేదు గానీ, అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఉంది. చేరినవాళ్లు చట్టం దృష్టిలో ఉద్యోగులు కారు. వాళ్ల చేతికొచ్చేదాన్ని జీతమనరు, జీవన భత్యం అంటారు.

ఆ భత్యం తక్కువగా ఉండటం పొరపాటున జరిగింది కాదు. విస్టా వలంటీరు తాను సేవ చేసే ప్రజల మధ్యే, వాళ్ల ఆర్థిక స్థాయిలోనే బతకాలని చట్టమే చెబుతోంది. గాంధీగారి ఆశ్రమాలు చూసిన దేశానికి ఈ ఆదర్శం కొత్తేమీ కాదు. కాకపోతే ఆశ్రమంలో చాపా, భోజనమూ ఆశ్రమానివే. సేవకుడు సబర్మతికి వెళ్లి అద్దె గది కోసం వీధులు తిరగాల్సిన పని లేదు. విస్టా ఆదర్శం నిరాడంబరతను తీసుకుంది, చాపను వదిలేసింది.

దీనికి తోడు భత్యాన్ని కట్టిన గుంజ కూడా సరైంది కాదు. ఒంటరి వ్యక్తికి వర్తించే పేదరిక రేఖకు కాస్త అటూ ఇటూగా విస్టా భత్యం ఉంటుంది. ఆ రేఖను 1963-64లో సామాజిక భద్రతా విభాగంలో పనిచేసిన మోలీ ఒర్షాన్‌స్కీ లెక్కగట్టారు. అప్పట్లో కుటుంబాలు ఆదాయంలో దాదాపు మూడో వంతు తిండికి ఖర్చు పెట్టేవి. అందుకే చవకైన భోజనానికయ్యే ఖర్చును మూడుతో హెచ్చించారు. ఆ తర్వాత ధరల సూచీని బట్టి ఏటా పెంచుతూ వస్తున్నారు తప్ప పునాది మార్చలేదు. అంటే ఆ రేఖ తిండి మీద కట్టింది, ఇంటి మీద కాదు. పైగా అలాస్కా, హవాయి తప్ప దేశమంతటికీ ఒకటే అంకె. మిసిసిపీలోని పల్లెకూ, శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డుకూ తేడా లేదు. ఖరీదైన నగరాల్లో భత్యాన్ని కొంత పెంచుతారు గానీ అద్దెలు పెరిగిన వేగం ముందు ఆ పెంపు ఏ మూలకూ సరిపోదు.

2025లో ఒంటరి వ్యక్తికి పేదరిక రేఖ ఏడాదికి 15,650 డాలర్లు. నెలకు 1,304. వారానికి 40 గంటల చొప్పున లెక్కేస్తే గంటకు ఏడున్నర డాలర్లు. ఆదాయంలో 30 శాతానికి మించకుండా అద్దె కట్టి రెండు పడగ్గదుల ఇంట్లో ఉండాలంటే గంటకు సగటున 33.63 డాలర్లు సంపాదించాలని జాతీయ అల్పాదాయ గృహ కూటమి అదే ఏడాది లెక్క తేల్చింది. ఇద్దరు కలిసి పంచుకున్నా ఒక్కొక్కరికి దాదాపు 17 డాలర్లు కావాలి. సేవకు వచ్చిన పిల్లాడి చేతిలో అందులో సగం కూడా లేదు.

డబ్బు చాలకపోవడం ఒక బాధైతే, యజమానులు ఇల్లు చూపించడానికే ఇష్టపడకపోవడం ఇంకో బాధ. అద్దెకు మూడు రెట్లు నెలసరి ఆదాయం ఉండాలన్నది అమెరికాలో చాలామంది యజమానులు పాటించే నియమం. న్యూయార్క్‌లోనైతే ఏడాది ఆదాయం నెల అద్దెకు 40 రెట్లు ఉండాలంటారు. 15,650ను 40తో భాగిస్తే 391. మాన్‌హట్టన్‌లో చాలాచోట్ల కారు నిలుపుకోవడానికే నెలకు అంతకు మించి అడుగుతారు. భత్యాన్ని రెట్టింపు చేసినా 782 డాలర్ల అద్దె దగ్గరే ఆగిపోతారు. అప్పుడు పూచీదారు కావాలంటారు. ఆ పూచీదారు ఆదాయం నెల అద్దెకు 80 రెట్లు ఉండాలి. ఇరవై రెండేళ్ల పిల్లలకు అంత ఆదాయమున్న పూచీదారు ఎవరు దొరుకుతారు? సంపాదనపరులైన అమ్మానాన్నలే. సేవ చేయడానికి ఎవరికి అర్హత ఉందో దరఖాస్తు ఫారం తేల్చడం లేదు, అద్దె ఒప్పందం కింద తల్లిదండ్రులు పెట్టే సంతకం తేలుస్తోంది. పేదరికమంటే ఏమిటో స్వయంగా అనుభవించి ఎరిగిన పిల్లలు, పేద బస్తీల్లో పనికొచ్చే పిల్లలు, మొదటి గడపలోనే ఆగిపోతున్నారు. నా దృష్టిలో ఈ పథకానికున్న అసలు లోపం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. ప్రభుత్వ సాయం కోరినప్పుడు విస్టా భత్యాన్ని సాధారణంగా ఆదాయం కింద లెక్కించరు. ఆహార కూపన్లకైనా, ప్రభుత్వ గృహ సాయానికైనా ఆ మినహాయింపు ఉంది. కూపన్లు దొరుకుతాయి, నిజమే. ఇంటి సాయం సంగతి వేరు. అర్హత ఉన్న ప్రతి నాలుగు కుటుంబాల్లో ఒక్కదానికే ఆ దేశంలో ఫెడరల్ అద్దె సాయం అందుతోంది. పెద్ద నగరాల్లో నిరీక్షణ జాబితాలు ఏళ్ల తరబడి సాగుతాయి. ఏడాది కోసం వచ్చినవాడి వంతు వచ్చేసరికి వాడు ఊరు వదిలి వెళ్లి ఎన్నాళ్లో అయి ఉంటుంది. సర్కారు ‘ఇది ఆదాయం కాదు’ అని దయ చూపిస్తే, ఇంటి యజమాని ‘అయితే నీకు ఆదాయమే లేదన్నమాట’ అంటాడు.

సేవా కాలం పూర్తిచేస్తే పై చదువులకో, చదువు రుణం తీర్చడానికో పురస్కారం ఇస్తారు. ఇటీవలి సంవత్సరాల్లో అది 7,395 డాలర్లు. మంచిదే. కానీ అది ఏడాది చివర వచ్చే డబ్బు. అడ్వాన్సు కట్టాల్సింది మొదటి రోజున.

మరి ఇన్నేళ్లుగా లక్షల మంది ఎలా నెట్టుకొచ్చారు? నలుగురైదుగురు కలిసి ఇల్లు తీసుకుంటారు. వెళ్లిపోయే బ్యాచ్ తన గదిని వచ్చే బ్యాచ్‌కు అప్పగిస్తుంది. పిల్లలు దూరమై పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉంటున్న వృద్ధుల దగ్గర తక్కువ అద్దెకు గది పట్టి, ఇంటి పనుల్లో చేయి వేస్తారు. డాలస్‌లోనో చికాగోలోనో హాలుకు పరదా కట్టి నలుగురు పంచుకుంటూ ఎంఎస్ చదివిన మన కుర్రాళ్లకు ఈ బతుకు చెప్పనక్కర్లేదు. వాళ్లకు కనీసం ముందు వెళ్లిన సీనియర్లు, తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపులు ఉంటాయి. ఒంటరిగా కొత్త ఊరికి పంపిన వలంటీరుకు అవీ ఉండవు.

సంస్థలు పూనుకుంటే దారి లేకపోలేదు. అమెరికార్ప్స్‌లోనే ఎన్‌సీసీసీ అనే విభాగం ఉంది. 2025 దాకా 18 నుంచి 26 ఏళ్లవాళ్లను బృందాలుగా పంపేది, వసతి తనే చూసేది. అలాస్కాలో 1956లో మొదలైన జెస్యూట్ వలంటీర్ల సంస్థ చేతి ఖర్చుకు కొద్దిపాటి డబ్బే ఇస్తుంది గానీ, అందరూ కలిసి ఉండే ఇల్లు ఏర్పాటు చేస్తుంది. నిరాడంబరంగా బతకమనే హక్కు అలాంటి సంస్థలకే ఉంటుంది.

ఇంటి బాధ్యత పూర్తిగా పిల్లల నెత్తినే పెడితే ఏమవుతుందో 2025 ఏప్రిల్‌లో తెలిసొచ్చింది. ట్రంప్ ప్రభుత్వ వ్యయ కోతల్లో భాగంగా అమెరికార్ప్స్‌కు చెందిన దాదాపు 40 కోట్ల డాలర్ల గ్రాంట్లు ఒక్కసారిగా రద్దయ్యాయి. 30 వేల మందికి పైగా సేవ మధ్యలోనే ఆగింది. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళ్లి కొంత ఊరట తెచ్చుకున్నాయి. భత్యం ఆగినంత తేలిగ్గా ఏడాది అద్దె ఒప్పందం ఆగదు. ప్రభుత్వం తన మాట ఒక్క ఉత్తరంతో వెనక్కి తీసుకోగలిగింది, కుర్రాడు ఇంటి యజమానికిచ్చిన మాట మాత్రం అలాగే మిగిలింది.

ఇక మన సంగతి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకానికి సేవ అన్న పేరు లేదు గానీ, ప్రకటించినప్పుడు దాని చట్రం అదే: 21 నుంచి 24 ఏళ్ల యువత, ఏడాది కాలం, కొత్త ఊరు, నెలకు 5 వేల రూపాయల భత్యం, చేరేటప్పుడు ఒక్కసారి 6 వేలు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదన్నారు. అంటే ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోలేని పిల్లలను కావాలనే ఎంచుకున్నారు. ఉద్దేశం గొప్పది. కానీ అమీర్‌పేటలో నలుగురుండే గదిలో ఒక మంచం, మూడు పూటల భోజనం కలిపి 5 వేలు దాటడం మామూలే. బస్ పాసూ, ఫోన్ రీచార్జీ ఆ పైన. మొదటి విడతలో కంపెనీలు 82 వేలకు పైగా ఆఫర్లు ఇస్తే చివరికి చేరినవాళ్లు దాదాపు 8,700 మంది. పనిచేసే చోటు దూరం కావడం, ఏడాది మరీ ఎక్కువ కాలం కావడం లాంటివి కారణాలుగా ప్రభుత్వమే చెప్పింది. దూరమంటే కిలోమీటర్లు ఒక్కటే కాదు, ఆ ఊళ్లో తల దాచుకోవడానికయ్యే ఖర్చు కూడా. యువతకు చొరవ లేదని పెదవి విరిచేవాళ్లు ఒక్కసారి హాస్టల్ రేట్ల బోర్డు చూసి రావాలి.

మన దగ్గర అమెరికాలో లేని ఒక వెసులుబాటు ఉంది. హైదరాబాద్ హాస్టళ్లు జీతం చీటీ అడగవు, 40 రెట్ల లెక్క వేయవు. కొద్దిపాటి అడ్వాన్సు ఇస్తే ఆ రాత్రికే మంచం చూపిస్తాయి. ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ పేరుతో కోతలుంటాయి, నీళ్ల పప్పు గురించి చెప్పనే అక్కర్లేదు. అయినా కొత్త ఊరికి వచ్చిన పేద పిల్లాడికి ఆ వీధులు చేసినంత మేలు ఏ గృహ పథకమూ చేయలేదని నా అభిప్రాయం.

ప్రభుత్వం చేతిలో నమూనా లేకపోలేదు. ఉద్యోగం చేసే మహిళల కోసం కేంద్రం నిధులతో నడిచే సఖి నివాస్ హాస్టళ్లలో అద్దెను ఆదాయానికి ముడిపెట్టారు. ఒంటరి గదికి 15 శాతం, ఇద్దరుండే గదికి 10, డార్మిటరీకి ఏడున్నర శాతం మించకూడదు. శిక్షణలో ఉన్న అమ్మాయిలకూ వీలుంది. 5 వేల భత్యంలో ఏడున్నర శాతమంటే 375 రూపాయలు. ఒర్షాన్‌స్కీ రేఖలో లోపించిన సూత్రం ఇదే: సంపాదనను బట్టి అద్దె. కొరత సూత్రంలో లేదు, అలాంటి హాస్టళ్ల సంఖ్యలో ఉంది. నాకు తెలిసినంతలో అబ్బాయిలకైతే అసలు అలాంటివే లేవు.

టీచ్ ఫర్ ఇండియా లాంటి సంస్థ ఊరు మారి వచ్చే ఫెలోలకు ఇంటి భత్యం విడిగా ఇస్తోంది. ఒక స్వచ్ఛంద సంస్థ చేయగలిగింది ఈ ఇంటర్న్‌షిప్‌లు ఇచ్చే దేశంలోని 500 అగ్రశ్రేణి కంపెనీలకు భారమవుతుందంటే నమ్మలేం. తర్వాతి విడత నోటిఫికేషన్‌లో కంపెనీ పేరు, పని వివరం పక్కన ఇంకో గడి చేర్చాలి: వసతి ఎక్కడ, ఎవరి ఖర్చుతో? ఆ గడి ఖాళీగా వదిలిన కంపెనీకి బయటి జిల్లాల పిల్లలను కేటాయించకూడదు. సెలవుల్లో ఖాళీగా ఉండే ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ల గదులను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కనీసం మొదటి నెలకైనా ఈ పిల్లలకు ఇవ్వాలి. సొంత గది వెతుక్కోవడానికి వాళ్లకు కావాల్సింది ఆ ఒక్క నెల గడువే.