నడుము విరిగితే ప్రమాదం కాదా?

మిల్లులో ప్రమాదం అనగానే మనకు రోలర్లో పడిన చెయ్యో, తగలబడిన పత్తి గోదామో గుర్తొస్తుంది. అవి పేపర్లో వస్తాయి. టిక్కీ, అంటే మిర్చి బస్తా, దించి లేవబోతుంటే నడుము పట్టేసిన హమాలీ సంగతి రాదు. అతను మర్నాడు ఏ నూనో రాసుకుని మళ్లీ ముఠాలోకి వస్తాడు. రాకపోతే ఆ రోజు కూలి లేదు.

పెదకాకాని, గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు నడిచేది ఈ నడుముల మీదే. మిర్చి టిక్కీ 40 కిలోలు, ఒక్కోసారి ఆ పైన. యార్డులో లారీకెత్తాలి, స్టోరేజీ దగ్గర దించాలి, మెట్లెక్కి చాంబర్లో పేర్చాలి, ధర వచ్చాక అదే టిక్కీని మళ్లీ కిందికి దించాలి. బయట వేసవి ఎండ, లోపల వణికించే చలి. ఎత్తడం కన్నా, బరువు మీదుండగానే ఒళ్లు మెలితిప్పి పక్కకు వేయడం వెన్నుకు ఎక్కువ చేటు. మిర్చికి తొడాలు (తొడిమలు) తీసే ఆడవాళ్లు బరువులు ఎత్తరు కదా అంటారు. కిలో లెక్కన కూలి కాబట్టి వాళ్లు పొద్దంతా వంగి కూర్చునే ఉంటారు. మెడ, మోకాళ్లు, వేళ్లు పోతాయి.

ఫలానా రోజు దెబ్బ తగిలిందంటే పరిహారం అడగొచ్చు. ఏళ్ల తరబడి అరిగిన వెన్నుకు ఏ తేదీ చెప్పాలి? 1923 నాటి పరిహార చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ ఉండేది, నడుము నొప్పి ఉండేది కాదు. గాయపరిచేంత బరువు ఎత్తించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ అనేది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగవాళ్లకు 55 కిలోలు హద్దుగా సిఫార్సు చేసింది. అమెరికా నిపుణులు 1991లో సవరించిన లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నా 23 కిలోలే అన్నారు. మన టిక్కీ దానికి దాదాపు రెట్టింపు.

బస్తా బరువు దేవుడు రాసింది కాదు. 2018లో కేంద్రం యూరియా బస్తాను 50 నుంచి 45 కిలోలకు తగ్గించింది, వాడకం తగ్గాలని. 2022 జులైలో 25 కిలోల దాకా బియ్యం ప్యాకెట్లపై 5 శాతం జీఎస్టీ పడగానే బజార్లోకి 26 కిలోల బస్తాలు దిగాయి. పన్ను కోసం మారిన బరువు మనిషి కోసం మారదా?

బస్తా చిన్నదైతే గోనె ఖర్చు పెరుగుతుందని వ్యాపారులు అంటారు. నిజమే, పెరుగుతుంది. ఇన్నాళ్లూ ఆ ఖర్చు హమాలీయే భరించాడు. ముఠా కూలిలో కోత పడకుండా, వచ్చే సీజన్ నాటికి టిక్కీని 25 కిలోలకు దించాలి. మార్కెట్ కమిటీ ముందు ఈ మాట రైతులూ, హమాలీ సంఘాలూ కలిసి పెట్టాలి.