ఏథెన్స్ రాయి తెలుసు, చైతన్యపురి బండ?

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద బేరమాడి కొనే బూట్ల మీద నైకీ పేరు తరచూ కనిపిస్తుంది. నైకీ గ్రీకుల విజయదేవత. ఏథెన్స్‌లోని అక్రోపొలిస్ మ్యూజియంలో ఆమె పాలరాతి పలక ఒకటుంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు చివరి కాలం నాటిది. రెక్కల దేవత కాస్త వంగి, కుడికాలు ఎత్తి, చెప్పు సర్దుకుంటోంది. తల విరిగిపోయింది. అయినా ఒంటికి అంటుకున్న పల్చని బట్ట, మోకాలి కింద జారిన మడతలు చూస్తే రాయన్న సంగతే మరిచిపోతాం. తల లేని ఈ పలకకు 2009లో తెరిచిన కొత్త మ్యూజియంలో చోటు దక్కింది.

మనకూ రాతి సంపదకు కొదవలేదు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతి బౌద్ధ స్తూపం దగ్గర తవ్వించిన పలకలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలో వాటిని ‘మార్బుల్స్’ అంటూ వచ్చారు కానీ నిజానికవి సున్నపురాతివి. ఇక ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుంటే నాగార్జునకొండ. అక్కడ దొరికిన ఒక స్తంభం మీద గడ్డం మనిషి కొమ్ముపాత్ర పట్టుకుని నిలబడ్డాడు. వాలకం చూస్తే గ్రీకుల మద్యదేవుడు డయోనిసస్ గుర్తొస్తాడు. రోమ్‌తో మన రేవుల వ్యాపారం ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఆ ఒక్క బొమ్మ చాలు.

ఇవన్నీ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ అభ్యర్థులకు కంఠతా వచ్చు. అడిగితే నాగార్జునకొండను ఏలిన ఇక్ష్వాకుల రాజధాని పేరు నిద్రలో కూడా చెబుతారు. మరి పక్క మెట్రో స్టేషన్ చైతన్యపురిలో దిగి మూసీ వైపు నడిచిన వాళ్లెందరు? ఫణిగిరి కాలనీలో కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో శాసనం ఉంది. విష్ణుకుండిన రాజుల కాలానిది. గోవిందరాజ విహారం ప్రస్తావన అందులో ఉంది. అంటే చార్మినార్ కట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే ఇక్కడ బౌద్ధ భిక్షువులు మసలారు. హైదరాబాద్ చరిత్రను 1591తో మొదలుపెట్టే అలవాటు ఈ బండ ముందు నిలవదు.

బిట్లు బట్టీ కొట్టించడం తప్పని ఎవరూ అనరు, ఉద్యోగం కావాలి కదా. కానీ కోచింగ్ యాజమాన్యాలు ఒక్క ఆదివారం పిల్లల్ని ఆ గుడి దాకా నడిపిస్తే పోయేదేముంది? చైతన్యపురి మెట్రో స్టేషన్‌లో శాసనం నకలును, తెలుగులో దాని అర్థాన్ని పెద్ద అక్షరాలతో పెట్టే పని వారసత్వ శాఖ, మెట్రో అధికారులు కలిసి చేయాలి.